యూనియన్ ఫారం మీద సంతకం పెట్టాల్నా వద్దా? లాభం, నష్టం లెక్కతో చెప్పగలరా

బ్లిస్టర్_లైన్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. పాశమైలారం వైపు ఒక ఫార్మా ఫార్ములేషన్ యూనిట్. కంపెనీ రోల్ మీద 420 మంది ఉన్నరు, అందులో 60 మంది ఫిక్స్‌డ్ టర్మ్. అప్రెంటిస్‌లు 70 మంది వేరే. కాంట్రాక్టర్ల కింద ఇంకో 500 దాకా ఉంటరు. ఇప్పటిదాకా యూనియన్ లేదు. నెల రోజులుగా మెంబర్‌షిప్ ఫారాలు తిరుగుతున్నయి, చందా నెలకు 100.

నా హోదా నిరుడు ఆపరేటర్ నుంచి జూనియర్ ఆఫీసర్ అయింది. పని అదే, ప్యాకింగ్‌లో బ్లిస్టర్ మెషీన్. గ్రాస్ 31,000.

నాకున్న డౌట్లు ఇవి. ఆఫీసర్ అని పేరు మారినంక యూనియన్‌లో చేరే హక్కు ఉంటదా? సెటిల్‌మెంట్ అయితే చేరనోళ్ళకు కూడా జీతం పెరుగుతదని అంటున్నరు, మరి చేరుడెందుకు? రిజిస్ట్రేషన్ కాకముందే బదిలీ చేస్తే దిక్కెవరు? సమ్మె అంటే నిజంగా ఎంత పోతది?

గేటు మీటింగుల నినాదాలు వినే ఉన్న, హెచ్‌ఆర్ వాళ్ళ మంచి మాటలు కూడా విన్న. లెక్కలు, సెక్షన్లు తెలిసినోళ్ళు చెప్తే మేలు.

---

మస్టర్_రోల్:

హోదా సంగతి ముందు తేల్చుకుందాం. మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి.

చట్టం పేరు చూడదు, పని చూస్తుంది. పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అనే చట్టం 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం చేతిపని, సాంకేతిక పని, ఆపరేషన్, క్లరికల్ పని చేసేవాళ్ళంతా వర్కర్లే, జీతం ఎంతైనా సరే. 18,000 పరిమితి సూపర్‌వైజరీ పని చేసేవాళ్ళకు మాత్రమే. పాత చట్టంలో అది 10,000 ఉండేది. మెషీన్ నడిపేవాడికి 50,000 వచ్చినా వర్కరే. క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షల విభాగంలో, శాంపిల్ పరీక్షించే కెమిస్టూ అంతే. "నీ గ్రాస్ 18,000 దాటింది కాబట్టి నువ్వు వర్కర్ కాదు" అని ఎవరైనా అంటే సగం చెప్పి సగం మింగినట్టు.

రేపు వివాదం వస్తే చూసేవి ఇవి: ఇంకొకరికి సెలవు మంజూరు చేసే అధికారం ఉందా, షిఫ్టులో మనుషుల్ని కేటాయిస్తున్నారా, మెమో ఇవ్వగలరా, బ్యాచ్ రికార్డులో 'చేసినవారు' గడిలో సంతకం పెడుతున్నారా, 'సరిచూసినవారు' గడిలోనా. ఒక జాగ్రత్త. రుజువు కోసమని బ్యాచ్ రికార్డు ఫోటో తీయకండి. అది గోప్య పత్రం, పైగా ప్రొడక్షన్ ఏరియాలోకి ఫోనే తీసుకెళ్ళకూడదు. ఆ ఒక్క ఫోటోతో మీరే ఛార్జ్‌షీటుకు కారణం చేతికిచ్చినట్టవుతుంది. హోదా మార్పు లెటర్, జాబ్ డిస్క్రిప్షన్ కాపీ, షిఫ్ట్ రోస్టర్ దగ్గర పెట్టుకోండి చాలు. అవసరమైతే రికార్డుల్ని ట్రిబ్యునల్ తెప్పిస్తుంది.

ఇక చేరడమెందుకు అన్న ప్రశ్న. రాజీ ప్రక్రియలో, అంటే కన్సిలియేషన్ అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందం అందరికీ వర్తిస్తుంది. సభ్యులు కానివాళ్ళకు, రేపు కొత్తగా చేరేవాళ్ళకు కూడా. పాత చట్టంలో 12(3), 18(3) అనేవి ఇవే, జనం నోట ఇప్పటికీ అదే పేరు. అధికారి లేకుండా గదిలో కూర్చుని రాసుకున్న ఒప్పందం, పాత 18(1), సంతకం చేసిన పక్షాలకే వర్తిస్తుంది. కాబట్టి "చేరకపోయినా పెరుగుతుంది" అన్నది మొదటి రకానికి నిజం. రెండో రకానికి నిజమని చెప్పలేం.

కానీ అసలు ఒప్పందం దాకా వెళ్ళాలంటే తలలు లెక్కకు రావాలి. మీ 420 మీద లెక్క వేస్తే:

రిజిస్ట్రేషన్‌కు 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అది. మీకు 42. దరఖాస్తు మీద కనీసం ఏడుగురి సంతకాలు ఉండాలి.

సంప్రదింపుల యూనియన్‌గా, అంటే మేనేజ్‌మెంట్‌తో చర్చలు జరిపే సంఘంగా, ఒక్కరే గుర్తింపు పొందాలంటే మస్టర్ రోల్ (కంపెనీ హాజరు పట్టీ) మీద ఉన్నవాళ్ళలో 51 శాతం. 214.2 వస్తుంది, అంటే 215 మంది. మొత్తం యూనిట్‌కు యూనియన్ ఒక్కటే ఉంటే కోడ్ దాన్నే నిబంధనలకు లోబడి సంప్రదింపుల యూనియన్‌గా గుర్తించమంటుంది. ఈ 51 శాతం లెక్క రెండోది పుట్టిన రోజు నుంచి మొదలవుతుంది. రెండోది పుట్టడానికి 42 మంది చాలు, అది మరిచిపోవద్దు.

ఎవరికీ 51 రాకపోతే సంప్రదింపుల మండలి. 20 శాతం, మీకు 84 మంది, ఉన్న యూనియన్లకే అందులో చోటు. ప్రతి 20 శాతానికి ఒక ప్రతినిధి.  మండలిలో మెజారిటీ ఒప్పుకుంటే ఒప్పందం అయిపోయినట్టే.

ఇప్పుడు చూడండి. 60 మంది ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళూ మస్టర్ మీద ఉన్నారు, కాబట్టి భాగహారంలో కింద వాళ్ళున్నారు. కానీ కాంట్రాక్టు పొడిగించరేమోనన్న భయంతో వాళ్ళు చేరరు. అప్పుడు మిగతా 360 మందిలోంచే 215 రావాలి. అంటే దాదాపు 60 శాతం. అప్రెంటిస్‌లు లెక్కలోకి రారు. కాంట్రాక్టర్ల మనుషులు కాంట్రాక్టర్ మస్టర్ మీద ఉంటారు, మీదాని మీద కాదు. "పక్కవాడు చేరతాడులే, నాకూ పెరుగుతుందిలే" అని 150 మంది గోడ మీద కూర్చుంటే, పెరగాల్సిన ఒప్పందమే పుట్టదు.

రాష్ట్ర నిబంధనలు, ఫారాల నంబర్ల విషయంలో మాత్రం మీ లేబర్ ఆఫీసులో ఇప్పుడు ఏవి తీసుకుంటున్నారో అడిగి వెళ్ళండి. కోడ్‌కు విరుద్ధంగా లేని పాత నిబంధనలు కొనసాగుతాయి.

---

గేట్_దగ్గర:

బదిలీ, తొలగింపు సంగతి నేను చెప్తాను.

అన్నిటికన్నా ప్రమాదమైన కాలం ఫారం తిరగడం మొదలైన రోజు నుంచి రిజిస్ట్రేషన్ నంబరు చేతికొచ్చేదాకా. మేనేజ్‌మెంట్‌కు తెలిసిపోతుంది, మీకింకా కాగితం ఉండదు. పాత 1926 ట్రేడ్ యూనియన్ల చట్టంలో రిజిస్ట్రార్ ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువే ఉండేది కాదు. శ్రీపెరుంబుదూరులో శాంసంగ్ కార్మికులు 2024 సెప్టెంబరు 9న సమ్మెకు దిగి 37 రోజులు కూర్చున్నది ప్రధానంగా యూనియన్ గుర్తింపు కోసమే. సంఘం పేరులో కంపెనీ పేరు వాడుకోవడంపై అభ్యంతరం వచ్చింది, రిజిస్ట్రేషన్ నలిగింది, చివరికి మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళాక 2025 జనవరిలో వచ్చింది. పేరు పెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే ఒక తకరారు తప్పుతుంది.

42 మందితో దరఖాస్తు వేయడం తెలివితక్కువ. మర్నాడే నలుగురితో "నాకు తెలియకుండా సంతకం తీసుకున్నారు" అని లెటర్లు రాయిస్తారు. సంఖ్య 38కి పడిపోతుంది, దరఖాస్తు చిక్కుల్లో పడుతుంది. 130, 150 మంది అయ్యాకే ఆఫీసు మెట్లెక్కాలి. ఏడుగురు సంతకందారుల్లో ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళు, ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళు, హాజరు విషయంలో ఇప్పటికే వార్నింగ్ లెటర్ ఉన్నవాళ్ళు ఉండకూడదు. వాళ్ళను తీసేయడానికి మేనేజ్‌మెంట్‌కు వేరే కారణం వెతుక్కోవాల్సిన పనే ఉండదు.

దరఖాస్తులు వెనక్కి రావడానికి మామూలుగా కారణం చట్టం కాదు, తేదీలు. జనరల్ బాడీ తీర్మానం తేదీ ఒకటి, బైలాస్ (సంఘం నియమావళి) ఆమోదించిన తేదీ ఇంకొకటి, మెంబర్‌షిప్ రసీదు తేదీ అంతకన్నా తర్వాత. రసీదు పుస్తకం, మినిట్స్ పుస్తకం, సభ్యుల రిజిస్టరు, ఈ మూడింట్లో పేరు, ఎంప్లాయీ నంబరు, తేదీ ఒకేలా ఉండాలి. ఆఫీస్ బేరర్లలో బయటివాళ్ళు మూడోవంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. తొమ్మిది మంది కమిటీ అయితే ముగ్గురే.

బదిలీ ఆర్డరు వస్తే ఏం చేయాలి? ఇక్కడే చాలామంది జారిపడతారు. కోపంతో కొత్తచోట చేరరు. పది రోజులు దాటితే కేంద్ర మోడల్ స్టాండింగ్ ఆర్డర్స్ (ఫ్యాక్టరీ ఉద్యోగ నియమాల నమూనా) ప్రకారం అనుమతి లేని గైర్హాజరు దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. అప్పుడు కేసు బదిలీ మీద నడవదు, గైర్హాజరు మీద నడుస్తుంది. దాన్ని గెలవడం కష్టం. సరైన పద్ధతి ఏమిటంటే, "నిరసనతో చేరుతున్నాను, నా హక్కులు వదులుకోవడం లేదు" అని రాసిచ్చి వెళ్ళి చేరాలి, వెంటనే వివాదం లేవనెత్తాలి. దురుద్దేశంతో బదిలీ చేయడం అన్యాయ కార్మిక పద్ధతుల జాబితాలో ఉంది. సంఘం పెట్టినందుకు వేధించడమూ ఉంది. కాకపోతే దురుద్దేశమని రుజువు చేయాల్సింది మీరు. అందుకే యూనియన్ విషయం మేనేజ్‌మెంట్‌కు తెలిసిన తేదీ కాగితం మీద ఉండటం అవసరం. ఆఫీస్ బేరర్ల జాబితాను రిజిస్టర్డ్ పోస్టులో, ఈమెయిల్‌లో పంపి, లేబర్ ఆఫీసుకు కాపీ పెట్టాలి. తర్వాత వచ్చే ఆర్డర్ల తేదీలు వాటంతటవే మాట్లాడతాయి.

రక్షిత కార్మికులు అని ఒక ఏర్పాటు ఉంది. మొత్తం వర్కర్లలో ఒక శాతం, కనీసం ఐదుగురు, గరిష్ఠం 100 మంది. మీకు ఐదుగురే. అదీ కేసు పెండింగ్‌లో ఉన్నప్పుడే పనికొస్తుంది. కన్సిలియేషన్ గానీ ట్రిబ్యునల్ కేసు గానీ నడుస్తున్నప్పుడు వీళ్ళను తొలగించాలంటే ఆ అధికారి ముందస్తు అనుమతి కావాలి. మామూలు సభ్యుడిని ఆ వివాదంతో సంబంధం లేని తప్పు మీద తొలగించాలన్నా ఒక నెల జీతం చెల్లించి ఆమోదం కోసం దరఖాస్తు చేయాలి. ఏ కేసూ పెండింగ్‌లో లేకపోతే ఈ గొడుగు తెరుచుకోదు. అందుకే అనుభవమున్న సంఘాలు రిజిస్ట్రేషన్ వచ్చీ రాగానే డిమాండ్ల పత్రం ఇచ్చి కన్సిలియేషన్ తెరిపించుకుంటాయి.

---

పేస్లిప్_చదివేవాడు:

డబ్బు లెక్క నాది. కింది పెంపు అంకెలు ఊహకు వేసినవి, మీ కంపెనీవి కావు.

మూడేళ్ళ ఒప్పందం, మొత్తం పెంపు 6,000 అనుకుందాం. సగం మొదటి ఏడాది, మిగతాది పావూ పావూ. అంటే 3,000, 1,500, 1,500. మూడేళ్ళలో చేతికొచ్చేది 1,08,000 + 36,000 + 18,000 = 1,62,000. యూనియన్ లేకుండా కంపెనీ ఏటా 1,200 ఇంక్రిమెంట్ ఇస్తూ పోతే 86,400. తేడా 75,600. చందా 3,600 తీసేస్తే 72,000. కానీ ఒప్పందంలో 'వార్షిక ఇంక్రిమెంట్ ఇందులో కలిసి ఉంది' అన్న వాక్యం ఉందో లేదో చూడండి. చాలాచోట్ల ఉంటుంది. అది లేకపోతేనే ఇంక్రిమెంట్ అదనం.

ఇప్పుడు ఖర్చు. గ్రాస్ 31,000 అయితే రోజుకు సుమారు 1,033. పది రోజుల సమ్మెకు 10,333 పోతుంది, అటెండెన్స్ బోనస్ ఉంటే అదీ. అంతటితో ఆగదు. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ కూడబలుక్కుని నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పని మానేస్తే, ఉద్యోగ ఒప్పందంలో నోటీసు నిబంధన ఉన్నచోట ఎనిమిది రోజుల జీతం దాకా అదనంగా కోయొచ్చు. మీ లెక్కన మరో 8,267. సమ్మె చట్టవిరుద్ధమైతే కొత్త కోడ్ ప్రకారం కార్మికుడికి జరిమానా 1,000 నుంచి 10,000 దాకా, లేదా నెల దాకా జైలు, లేదా రెండూ. రెచ్చగొట్టినవాళ్ళకు 10,000 నుంచి 50,000 దాకా.

సమ్మెను చట్టబద్ధంగా చేయడం ఇప్పుడు ఎంత ఇరుకో చూడండి. 14 రోజుల నోటీసు ఇంతకుముందు ప్రజోపయోగ సేవలకే ఉండేది, ఇప్పుడు ప్రతి పారిశ్రామిక సంస్థకూ. ఆ 14 రోజుల్లో కన్సిలియేషన్ అధికారి మొదటి మీటింగ్ పెట్టారంటే రాజీ ప్రక్రియ మొదలైనట్టే. అది నడుస్తున్నంతకాలం, ముగిశాక ఏడు రోజులు, సమ్మె చేయకూడదు. ఒప్పందం అమల్లో ఉన్నంతకాలం అందులోని అంశాల మీదా చేయకూడదు. ఒకేరోజు సగంమంది, అంటే మీ దగ్గర 210 మంది, మాట్లాడుకుని సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టినా సమ్మె కిందే లెక్క. "సమ్మె కాదు, సెలవు" అన్న పాత ఉపాయం ఇక చెల్లదు.

నల్లబ్యాడ్జీలు పెట్టుకుంటే ఏమీ కాదనుకోవద్దు, మీది ఫార్మా. గౌనింగ్ చేసుకుని లోపలికెళ్ళే చోట బ్యాడ్జీ, పిన్ను నిషిద్ధం. అది నిరసన కాదు, శుభ్రత నిబంధన ఉల్లంఘన అని ఛార్జ్‌షీటు ఇస్తారు, అందులో న్యాయమూ ఉంది. బస్సులో, క్యాంటీన్లో పెట్టుకోండి.

మీకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తించకపోవచ్చు. 21,000 లోపు ఉన్న తోటివాళ్ళకు చెప్పండి, ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి ఈ రెండు వ్యవధుల్లో ఒక్కోదాంట్లో 78 రోజుల చందా పడితేనే ఆ తర్వాతి సిక్‌నెస్ బెనిఫిట్. దీర్ఘ సమ్మె ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాడికి ఇక్కడ తగులుతుంది.

ఇంకో మాట. "పెంపు మొత్తం బేసిక్‌లో పెట్టించాం" అని సంఘాలు ఘనంగా చెప్తుంటాయి. కొత్త వేతనాల నిర్వచనంలో మినహాయింపు అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. మీ 31,000లో బేసిక్, డీఏ కలిపి 12,000, మిగతా 19,000 అలాంటి అలవెన్సులే అనుకోండి. సగం 15,500. దాటిన 3,500 కలిసి వేతనం 15,500 అవుతుంది. ఏడాది సర్వీసుకు గ్రాట్యుటీ 6,923 నుంచి 8,942కి వెళ్తుంది. ఇప్పుడు 3,000 పెంచారు, గ్రాస్ 34,000. బేసిక్‌లో పెట్టినా, అలవెన్సులో పెట్టినా వేతనం 17,000 మాత్రమే. బేసిక్ సగం దాటేదాకా ఆ ఘనతకు గ్రాట్యుటీలో విలువ లేదు. అడగాల్సింది బేసిక్ ఎంత అని కాదు, గ్రాస్ ఎంత పెరిగింది, డీఏ వినియోగదారుల ధరల సూచీకి ముడిపడిందా లేక గుత్తగా ఒక అంకె రాశారా అని.

---

రెండో_పక్క:

పైవాళ్ళు చట్టం, డబ్బు బాగా చెప్పారు. యూనియన్ వైపు నుంచే వచ్చే నష్టాలు ఎవరూ చెప్పలేదు.

పెంపు ఊరికే రాదు. డిమాండ్ల పత్రానికి జవాబుగా మేనేజ్‌మెంట్ తన డిమాండ్ల పత్రం పెడుతుంది. ఇద్దరు ఆపరేటర్లు చూసే బ్లిస్టర్, కార్టనేటర్ లైన్‌ను ఒకరు చూడాలి. ప్రొడక్ట్ మార్చేటప్పుడు లైన్ క్లియరెన్స్, చేంజ్‌ఓవర్ ఇన్ని నిమిషాల్లో కావాలి. టీ విరామంలో రిలీవర్ ఉండడు. ఇవి 'ఉత్పాదకత' శీర్షిక కింద చివరి పేజీల్లో ఉంటాయి. మూడేళ్ళు ఉంటాయి. 12(3) అయితే చేరనివాడి మీదా ఇవే పడతాయి. జీతం సంగతి మాత్రమే అందరికీ వర్తిస్తుంది, పనిభారం సభ్యులకే అనే వెసులుబాటు లేదు.

కుదిరిన ఒప్పందం మీకు నచ్చకపోతే మీరొక్కరే బయటికి రాలేరు. గడువు అయ్యాక కూడా ఎవరో ఒక పక్షం నోటీసు ఇచ్చి ముగించేదాకా అది నడుస్తూనే ఉంటుంది.

గుర్తింపు ఒకసారి ఇస్తే మూడేళ్ళు, పరస్పరం ఒప్పుకుంటే ఐదేళ్ళ దాకా. నాయకత్వం చెడ్డదని ఏడాదికే తెలిసినా మార్చడానికి ఆ గడువు అడ్డం. సింగరేణిలోలాగా రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకునే చోట కనీసం ఓటు ఉంటుంది. అక్కడ 1998 నుంచి అదే పద్ధతి, చివరిసారి 2023 డిసెంబరు 27న జరిగింది. ప్రైవేటు యూనిట్లలో లెక్క చాలాసార్లు చెక్-ఆఫ్ మీద, అంటే జీతంలోంచి చందా కోయమని రాసిచ్చిన లెటర్ల మీద నడుస్తుంది. అంటే మీరు ఏ సంఘమో హెచ్‌ఆర్‌కు పేరుతో సహా తెలుస్తుంది. నగదు చందాలో ఆ ఇబ్బంది లేదు, కానీ డబ్బు ఎటు పోయిందో తెలియదు. రెండూ ఉచ్చులే, ఏది తక్కువ బిగుతో చూసుకోవాలి.

చందా 100 అనగానే తేలిక. ఒప్పందం అయ్యాక ఎరియర్స్‌లోంచి లెవీ అని ఇంత శాతం వసూలు చేసే అలవాటుంది. అది బైలాస్‌లో ఉందా? రాజకీయ నిధి వేరే ఖాతాగా ఉండాలి, దానికి కట్టమని ఎవర్నీ బలవంతం చేయడానికి చట్టంలో వీల్లేదు, కట్టనందుకు సభ్యుడి హక్కులేవీ తగ్గించకూడదు. లెక్కల పుస్తకాలు, సభ్యుల జాబితా చూసే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. ఇది ఏ సంఘమూ సభలో చెప్పదు.

అందుకని సంతకానికి ముందు బైలాస్ కాపీ, కమిటీ జాబితా, అనుబంధ సంఘం పేరు అడగండి. అదే అనుబంధ సంఘం పక్క ఫ్యాక్టరీలో చేసిన తాజా ఒప్పందం కాపీ అడగండి. ఈ చివరిది ఇవ్వలేమంటే కారణం అడగండి. ఒప్పందం లేబర్ శాఖకు వెళ్ళే పత్రం, రహస్యం కాదు.

---

బ్లిస్టర్_లైన్:

అందరికీ దండాలు. రెండు విషయాలు మిగిలినయి. ఒకటి, హెచ్‌ఆర్ వాళ్ళు గ్రీవెన్స్ కమిటీ వేస్తం, అందులో నువ్వు ఉండు, యూనియన్ అవసరం లేదంటున్నరు. అది సరిపోతదా? రెండు, కాంట్రాక్టర్ల కింద ఉన్న ప్యాకింగ్ పిల్లల్ని కూడా ఇదే సంఘంల చేర్చాలని కొందరు అంటున్నరు. చేర్చొచ్చునా?

---

మస్టర్_రోల్:

గ్రీవెన్స్ కమిటీ వాళ్ళు దయతో వేసేది కాదు. 20 మంది, అంతకన్నా ఎక్కువ వర్కర్లున్న ప్రతి సంస్థలో ఉండాల్సిందే. పదిమందికి మించకూడదు, రెండు పక్షాల వాళ్ళూ సమానంగా ఉండాలి, మహిళలకు వాళ్ళ సంఖ్యకు తగ్గ చోటు ఉండాలి. ఫిర్యాదు ఏడాదిలోపు ఇవ్వాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి.

కానీ అది వ్యక్తి ఫిర్యాదు వినే చోటు. మీ ఒక్కరి ఓటీ తక్కువ పడింది, సెలవు కోశారు, ఇలాంటివి. అందరి జీతాల ఒప్పందం చేసే అధికారం దానికి లేదు. అసలు మెలిక ఇంకొకటి. కమిటీ నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లో కన్సిలియేషన్ అధికారి దగ్గరకు వెళ్ళొచ్చు, కోడ్ మాటల్లో 'తాను సభ్యుడిగా ఉన్న ట్రేడ్ యూనియన్ ద్వారా'. సంఘం లేనివాడికి ఆ మెట్టు దగ్గర దారి ఇరుకవుతుంది. ఒక్కటి మాత్రం న్యాయంగా చెప్పాలి, ఉద్యోగంలోంచి తొలగించిన కేసుకు యూనియన్ అవసరం లేదు, వ్యక్తిగా కూడా వివాదం లేవనెత్తొచ్చు.

డొమెస్టిక్ ఎంక్వైరీ, అంటే ఛార్జ్‌షీటు మీద కంపెనీ లోపల జరిపే విచారణ, కూడా అలాంటిదే. కేంద్ర మోడల్ స్టాండింగ్ ఆర్డర్స్‌లో మీ తరఫున మాట్లాడటానికి ఇద్దరికే వీలుంది. అదే డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే తోటి వర్కరు, లేదా మీరు సభ్యులుగా ఉన్న సంఘం ఆఫీస్ బేరరు. సభ్యత్వం లేకపోతే మిగిలేది తోటి వర్కరే. మేనేజ్‌మెంట్ ముందు నోరు విప్పే తోటి వర్కరు దొరకడం ఎంత కష్టమో మీకే తెలుసు. మీ కంపెనీకి సర్టిఫై అయిన సొంత స్టాండింగ్ ఆర్డర్స్ ఉండొచ్చు, కాపీ నోటీసు బోర్డు మీద చూడండి. సస్పెన్షన్‌లో పెడితే మొదటి 90 రోజులు సగం జీతం, మీ వల్ల కాకుండా ఆలస్యమైతే ఆ తర్వాత 75 శాతం.

---

గేట్_దగ్గర:

కాంట్రాక్టు పిల్లల గురించి. చేర్చడానికి చట్టం అడ్డు చెప్పదు. కానీ మొదటి దరఖాస్తులో కలిపితే ఎవరు ఏ సంస్థ వర్కరు అన్న దగ్గర అభ్యంతరం వస్తుంది, 10 శాతం లెక్క గందరగోళమవుతుంది, రిజిస్ట్రేషన్ నెలలు వెనక్కి పోతుంది. పైగా కాంట్రాక్టర్ మారితే పాతవాళ్ళలో ఎవర్ని తీసుకోవాలో కొత్త కాంట్రాక్టర్ ఇష్టం, ముందుగా పోయేది సంఘంలో పేరున్నవాడే. వాళ్ళకు వేరే సంఘం ఉండటం, లేదా బైలాస్‌లో ఇప్పుడే అవకాశం రాసిపెట్టి రిజిస్ట్రేషన్ తర్వాత చేర్చుకోవడం మేలు. డిమాండ్ల పత్రంలో మాత్రం వాళ్ళ సంగతి మొదటి రోజే ఉండాలి. పర్మనెంట్ వాళ్ళు సమ్మెలో బయట నిలబడితే లోపల లైన్లు నడిపేది వాళ్ళే. వాళ్ళ కోసం ఏమీ అడగని సంఘం కోసం వాళ్ళు ఆగరు.

---

రెండో_పక్క:

ఇంకొకటి చెప్పి ఊరుకుంటాను. ఫారంలో తేదీ గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టకండి. మెంబర్‌షిప్ ఫారం వెనకే చెక్-ఆఫ్ అనుమతి, లెవీ అనుమతి అచ్చేసి ఉండొచ్చు, తిప్పి చూడండి. అది వేరే కాగితంగా ఉండాలని అడగొచ్చు. 100 కట్టిన వెంటనే నంబరున్న రసీదు తీసుకోండి. ఖాళీ తెల్లకాగితం మీద సంతకం అడిగితే, అది హెచ్‌ఆర్ అడిగినా, సంఘం అడిగినా, పెట్టకండి.

---

బ్లిస్టర్_లైన్:

ఫారం తిప్పి చూసిన. వెనక లెవీ 5 శాతం అని ఉంది. రేపు బి షిఫ్ట్ అయినంక కమిటీ వాళ్ళను బైలాస్ కాపీ, పక్క ఫ్యాక్టరీ సెటిల్‌మెంట్ అడుగుత. ఇచ్చినంక చూసి, లెవీ లైను కొట్టేసి సంతకం పెడ్త.

---

రెండో_పక్క:

కొట్టేసిన చోట మీ పొడి సంతకం, తేదీ వేయండి. అవతలివాళ్ళ సంతకం కూడా అక్కడే తీసుకుని ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. లేకపోతే కొట్టేయలేదనే అంటారు.